నడుం కొలత ఎక్కువ, బీపీ షుగర్ మాత్రం నార్మల్. స్క్రీనింగ్‌లో వీళ్లకు ఏం చెప్పి పంపాలి?

పల్లెదవాఖాన_డెస్క్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ముప్పై దాటినవాళ్లకు ఊళ్లో చేసే ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటని జబ్బుల) స్క్రీనింగ్ గురించి అడుగుతున్నాను. బీపీ ఎక్కువ వస్తే ఏం చేయాలో, షుగర్ ఎక్కువ వస్తే ఎక్కడికి పంపాలో స్పష్టంగా ఉంది. నడుం 94, 98 సెంటీమీటర్లు వచ్చి మిగతావన్నీ బాగున్న ఆడవాళ్ల విషయానికి వచ్చేసరికి "కొంచెం బరువు తగ్గాలమ్మా" అనే మాటతో సరిపోతోంది. రిజిస్టర్లో అంకె ఎక్కుతుంది, మనిషి ఇంటికెళ్లిపోతుంది, మరుసటి ఏడాది ఇంకో మూడు సెంటీమీటర్లతో వస్తుంది.

బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు అంకె: కిలోలను మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది) ఎంత నుంచి ఊబకాయం అనాలి? గోడ మీది పోస్టర్‌లో 30 అని ఉంది, శిక్షణలో 25 అన్నారు, కొందరు 23 అంటున్నారు. రెండోది, ఒకే మనిషికి ఇద్దరు ఆశాలు కొలిస్తే ఐదారు సెంటీమీటర్ల తేడా వస్తోంది. తప్పు ఎక్కడ? మూడోది ముఖ్యం. నూనె, అన్నం గురించి ఐదు నిమిషాల్లో చెప్పాలంటే ఏ కొలతలో చెప్పాలి? గ్రాములంటే ఎవరికీ ఎక్కట్లేదు. తల్లుల వెంట వచ్చే బొద్దు పిల్లల సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

---

టేపుపట్టిన_చెయ్యి

కొలత సంగతి నేను చెప్తాను, తిండి సంగతి వేరేవాళ్లు చెప్తారు.

ఆరు సెంటీమీటర్ల తేడా దాదాపు ఎప్పుడూ చీరకట్టు దగ్గరే వస్తుంది. లంగా నాడా బిగించిన చోట నడుం లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. ఒక ఆశా ఆ గీత మీదే టేపు వేస్తుంది, ఇంకొకామె బొడ్డు మీదుగా వేస్తుంది. రెండూ తప్పే. పొట్ట జారినవాళ్లకు బొడ్డు కూడా కిందికి జారుతుంది కాబట్టి అది గుర్తుగా పనికిరాదు. పక్కన నిలబడి చివరి పక్కటెముక కింది అంచును వేలితో తడిమి పట్టుకోవాలి. తర్వాత తుంటి ఎముక పై అంచు. రెండింటికీ సరిగ్గా మధ్యలో స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టి, టేపు ఆ చుక్క మీదుగా నేలకు సమాంతరంగా తిరగాలి. వీపు వైపు టేపు కిందికి జారుతుంది, కొలిచేవాళ్లకు అది కనబడదు. రెండో మనిషి వెనక నిలబడి చూడాలి, లేదా గోడకు అద్దం ఉండాలి.

నాడా వదులు చేయించి ఒక నిమిషం ఆగండి. కాళ్లు దగ్గరగా, చేతులు వదులుగా ఉండాలి. "ఊపిరి పీల్చండి" అని మాత్రం అనొద్దు. అన్నారంటే పొట్ట లోపలికి లాక్కుంటారు. పేరో ఊరో అడిగి మాట్లాడించండి. మాట అయిపోయి ఊపిరి మామూలుగా వదిలిన క్షణంలో అంకె చదవాలి. టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. రెండుసార్లు తీసి, తేడా 1 సెంటీమీటరు దాటితే మూడోసారి తీయండి. తెర కట్టిన మూల లేకపోతే ఇవేవీ జరగవు. పైట మీద నుంచే కొలిచేస్తారు.

టైలర్ టేపు వాడుతుంటే నెలకోసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడండి. గుడ్డ టేపు లాగీ లాగీ సాగుతుంది. సాగిన టేపు నడుమును తక్కువ చూపిస్తుంది. ఇంకో పొరపాటు, టేపు తిరగబడి అంగుళాల వైపు చదవడం. 36 అని రాసి ఉంటే నవ్వుకుని వదిలేయకండి, అది 91 సెంటీమీటర్లకు పైనే.

ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు, క్లిప్పు, పూలు తీయించాలి. ఎత్తు తప్పయితే బీఎంఐ ఎలా మారుతుందో చూడండి. 60 కిలోల మనిషికి ఎత్తు 155 అని రాస్తే బీఎంఐ 24.97, 152 అని రాస్తే 25.97. మూడు సెంటీమీటర్లతో గీత ఇటు నుంచి అటు దాటిపోయింది. బరువు మిషన్ చాప మీదో గోనెపట్టా మీదో కాకుండా బండ మీద పెట్టండి. పెద్దవాళ్ల బీపీ పట్టీ ఒకటే సైజు ఉంటే మోచేతికి పైన చేతి చుట్టుకొలత కూడా చూడండి. 32 సెంటీమీటర్లు దాటిన చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది.

---

డాక్టర్_పీహెచ్‌సీ

కటాఫ్ గందరగోళం గురించి. 30 అనేది ప్రపంచానికంతా పెట్టిన గీత. మన శరీరాల్లో అదే బరువుకు కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలో పేరుకుంటుంది. అందుకని భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లోనే నిపుణులు తేల్చారు. నడుముకు గీత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు. ఆ పోస్టర్ తీసేయండి. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో అధిక బరువు, ఊబకాయం కలిపి 25 నుంచి లెక్కిస్తారు. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఇది మరిచిపోకండి. ఆ లెక్కలోనే 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం ఉన్నారు. దేశం మొత్తం మీద 24.

ఆశాలు జబ్బుల ముప్పుకు మార్కులు వేసే సీబ్యాక్ ఫారంలో ఒక చిక్కు ఉంది. 34 ఏళ్ల ఆమె నడుం 96 అనుకోండి. నడుముకు 2, వయసుకు 1, వ్యాయామం లేనందుకు 1, మొత్తం 4. ముందుగా పిలవాల్సింది 4 దాటినవాళ్లను. అంటే ఆమె వెనక్కి పోతుంది. ముప్పై దాటినవాళ్లందరికీ స్కోరుతో పని లేకుండా పరీక్ష చేయాల్సిందే కాబట్టి నష్టం లేదనిపిస్తుంది, కానీ పనిభారం ఉన్నచోట స్కోరు తక్కువవాళ్లు "తర్వాత చూద్దాం"లో పడిపోతారు. నడుం 90 దాటిన ఆడవాళ్లు, 100 దాటిన మగవాళ్లు ఉన్న పేజీలకు స్కోరు ఎంతున్నా ఓ రంగు క్లిప్పు పెట్టండి. అంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

వాళ్లకు వేలి చుక్క షుగర్ ఒక్కటే చూసి వదలకండి. పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఇంకా ప్లేట్‌లెట్లు ఒకసారి పంపించండి. చివరి మూడింటికి వయసు కలిపితే లివర్ గట్టిపడే ప్రమాదం అంచనా కట్టొచ్చు, ఆ లెక్క డాక్టర్ చూసుకుంటారు. హిమోగ్లోబిన్ తప్పనిసరి. లావుగా ఉన్నామె రక్తం బాగుంటుందని అనుకోవడం మన దగ్గర పెద్ద పొరపాటు. అదే సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉంది. ఆ మనిషికి "సగం తినండి" అని చెబితే ఉన్న ఇనుము కూడా పోతుంది.

అడగాల్సిన ప్రశ్న ఇంకోటి: మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారు? పేరు లేని పొడి, కాగితంలో కట్టిచ్చే గోలీలు, వారం వారం సూది అని చెబితే స్టెరాయిడ్ అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట పెరిగి, చేతులు కాళ్లు సన్నబడి ఉంటాయి. ఉన్నట్టుండి ఆపించకండి, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్ దగ్గరికి పంపండి. థైరాయిడ్ కూడా అడుగుతారు. ఉంటే మందు వేసుకోవాల్సిందే, కానీ థైరాయిడ్ తక్కువైనందువల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే. ఇరవై కిలోలకు దాన్ని తిట్టడం న్యాయం కాదు.

---

వంటింటి_తూకం

గ్రాములు ఎక్కవన్నారు కదా, నెల సరుకుల్లో చెప్పండి. ప్రతి ఇంటికీ తెలిసిన లెక్క అదే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీల మనిషికి నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి 27 గ్రాములు. చిన్న చెంచాతో ఆరు. నెలకు 810 గ్రాములు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు కాబట్టి మనిషికి నెలకు లీటరు లోపే. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి మూడున్నర లీటర్లు, నెయ్యితో సహా. "నెలకు ఎన్ని ప్యాకెట్లు తెస్తారు, ఎంతమంది తింటారు?" ఈ రెండు ప్రశ్నలకు పది సెకన్లలో జవాబొస్తుంది. ఐదు ప్యాకెట్లు, నలుగురు అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు పడుతున్నట్టు. ఆ 11 గ్రాముల తేడాయే దగ్గరదగ్గర వంద కేలరీలు.

తగ్గించమని చెప్పి ఊరుకుంటే తగ్గదు. నూనె డబ్బాలో గంటె వేసి తీసే ఇంట్లో ఎవరెంత పోస్తున్నారో ఎవరికీ తెలియదు. నెల నూనెను నాలుగు సీసాల్లో నింపి, వారానికి ఒకటే బయట పెట్టమనండి. గురువారానికే సీసా ఖాళీ అయితే కారణం వాళ్లకే తెలుస్తుంది. మొదటి నెల ఐదుంటే నాలుగున్నర చాలు, ఒకేసారి మూడున్నరకు దింపితే కూర రుచి పోయి మగవాళ్లు సతాయిస్తారు, రెండో వారానికి పాత డబ్బా బయటికొస్తుంది.

మన వంటలో అసలు చిక్కు "నూనె పైకి తేలితేనే కూర అయినట్టు" అనే గుర్తులో ఉంది. వంకాయ అయితే స్పాంజిలా పీలుస్తుంది, చూసేవాళ్లకు నూనె చాలలేదనిపించి ఇంకో గంటె పడుతుంది. వంకాయల్ని ముందు ఆవిరిపట్టి, మసాలా విడిగా రెండు చెంచాల నూనెలో వేపి కలిపితే అదే కూర సగం నూనెలో అవుతుంది. దొండకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు కూడా అంతే. నీళ్లు చిలకరించి మూతపెట్టి మెత్తబడ్డాక, మూత తీసి, తడి ఆరాక నూనె వేయాలి. ముందే పోస్తే కూరగాయ ఉడికేలోపు నూనెంతా లోపలికి పోతుంది. బెండకాయకు మాత్రం మూత వద్దు, జిగురు వస్తుంది. అరకిలోకి రెండు చెంచాలు, సన్నమంట, ఉప్పు చివర్లో. మూకుడుకు అంటుకుంటోందని నూనె పెంచుతారు. అంటుకునేది మంట ఎక్కువై, నూనె తక్కువై కాదు.

బియ్యం. అదే పట్టికలో గింజధాన్యాలన్నీ కలిపి పచ్చివి 250 గ్రాములు. ఇడ్లీ రవ్వ, దోశ పిండి, ఉప్మా, రొట్టె అన్నీ ఇందులోవే. "అన్నం ఒక్కపూటే తింటున్నా" అనేవాళ్లు పొద్దున నాలుగు దోశలు లెక్కలో వేయరు. పోలికకు చెప్పాలంటే, తెలంగాణలో రేషన్ మీద మనిషికి వచ్చే 6 కిలోల సన్నబియ్యం రోజుకు 200 గ్రాములవుతుంది. దాని మీద ఇంకో యాభై గ్రాముల టిఫిన్. ఇంట్లో బియ్యం కొలిచే డబ్బానో గ్లాసునో ఒకసారి కిరాణా కాటా మీద తూచుకు రమ్మనండి. ఇక ఆ డబ్బానే కొలత.

జొన్నరొట్టె తింటే తగ్గిపోతారని చెప్పకండి. వంద గ్రాముల బియ్యంలో 356 కేలరీలు, జొన్నల్లో 334, రాగుల్లో 321. తేడా కేలరీల్లో కాదు, పీచులో ఉంది. బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నల్లో పది. పీచు వల్ల కడుపు త్వరగా నిండి తక్కువ తింటే తగ్గుతారు. అన్నం తినేసి పైన రెండు రొట్టెలు అదనంగా తింటే పెరుగుతారు. రాగి జావలో బెల్లం గడ్డ వేసి "హెల్దీ" అనేవాళ్లకైతే నమస్కారం.

టీ కూడా అడగండి. కప్పుకు రెండు చెంచాల పంచదార, రోజుకు నాలుగు కప్పులు, మొత్తం 40 గ్రాములు. హద్దు 25. ఇక్కడ ఒక చెంచా తగ్గించడం అన్నం తగ్గించడం కంటే తేలిక.

---

రైతుబిడ్డ_ఏఈఓ

@వంటింటి_తూకం గారూ, మీ 250 గ్రాములు నాట్లకు, పత్తి ఏరడానికి వెళ్లే మనిషికి ఎలా సరిపోతాయి? ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతారు.

---

వంటింటి_తూకం

సరైన ప్రశ్న. 2000 కేలరీల పళ్లెం అందరిదీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కలో కూర్చుని చేసే పనికి ఆడవాళ్లకు 1660, మధ్యరకం పనికి 2130, బరువు పనికి 2720 కేలరీలు. మగవాళ్లకు 2110, 2710, 3470. కూలికి వెళ్లే రోజుల్లో ఒక పూట అన్నం ఎక్కువ పడాల్సిందే.

చిక్కు ఎక్కడంటే పని తగ్గినా పళ్లెం తగ్గదు. నాట్లు మిషన్ వేస్తోంది, కోత మిషన్ కోస్తోంది, పొలానికి బండి మీద వెళ్తున్నారు. ఎండాకాలం మూడు నెలలు అసలు పనే ఉండదు. అన్నం కొలత మాత్రం పాత రోజులదే. అందుకే "ఎంత తింటున్నారు" కంటే ముందు "ఈ నెలలో ఎన్ని రోజులు పనికి వెళ్లారు" అని అడగాలి. పనిలేని రోజుల్లో రెండో మారు అన్నం ఆపి, ఆ చోట కూర, మజ్జిగ అనండి. కూరగాయలు మనిషికి రోజుకు 400 గ్రాములని ఉంది. నలుగురికి కిలోన్నర పైనే అంటే ఖర్చు. అక్కడిదాకా వెంటనే పోలేరు. అరకిలోతో సరిపెట్టే ఇల్లు ముప్పావు కిలో వండినా ముందడుగే. సొరకాయ, బీరకాయ, తోటకూర, మునగాకు ఊళ్లోవే.

మగవాళ్లతో మాట్లాడేటప్పుడు మందు గురించి అడక్కపోతే లెక్క సగమే. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో ఆల్కహాల్ ఒక్కటే సుమారు 425 కేలరీలు. అంటే 120 గ్రాముల పచ్చి బియ్యంతో సమానం. నంజుకునే పకోడీ దీనికి అదనం.

---

పిల్లల_వార్డు

పిల్లలకు పెద్దవాళ్ల 23, 25 గీతలు పనికిరావు. పదేళ్ల బాబుకు బీఎంఐ 22 వస్తే పెద్దవాళ్ల చార్టులో నార్మల్, పిల్లల చార్టులో గీత దాటేసినట్టు. ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లల డాక్టర్ల సంఘం (ఐఏపీ) 2015 చార్టులు వాడాలి, అబ్బాయిలకు అమ్మాయిలకు వేరువేరు. వాటిలో పెద్దవాళ్ల 23కి, 27కి సరిపోయే గీతలు గీసి ఉంటాయి. ఐదేళ్ల లోపు అంగన్‌వాడీలో చూసే ఎత్తుకు తగ్గ బరువే.

మెడ వెనక చూడండి. నల్లగా, మందంగా, వెల్వెట్ బట్టలా ఉంటే అది మురికి కాదు. తల్లులు పీచుతో రుద్ది రుద్ది పుండు చేస్తారు. ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి అది గుర్తు. అలాంటి బిడ్డకు షుగర్ పరీక్ష, బీపీ చేయించాలి. పెరిగే వయసులో బరువు తగ్గించడం లక్ష్యం కాదు, బరువును అక్కడే ఆపి ఎత్తు పెరగనివ్వడం. పూట మాన్పించొద్దు. మానిపించేది సీసాలు, ప్యాకెట్లు. వంద మిల్లీలీటర్లకు 10 గ్రాముల పంచదార అని రాసి ఉంటే, 250 సీసాతో బిడ్డ రోజు మొత్తం కోటా అయిపోయింది. రోజుకు గంట ఆట, తొమ్మిది గంటల నిద్ర. ఇంట్లో అందరికీ ఒకే వంట ఉండాలి, లావు పిల్లకు వేరు పళ్లెం పెడితే దొంగచాటు తిండి మొదలవుతుంది. బిడ్డ ముందు "బండ", "గున్న" అనే మాటలు తల్లి నోట వస్తే ఆమెను పక్కకు పిలిచి చెప్పండి.

---

కిరాణా_కౌంటర్

అంతా ఆడవాళ్ల గరిటె మీదికే తోస్తున్నారు. బడి గేటు ముందు ఐదు రూపాయల ప్యాకెట్ల దండలు వేలాడుతుంటే తల్లి ఏం చేస్తుంది? బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్నవి అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లోనే ఉంది. అమలు చేసేది ఎవరు? 2025 ఫిబ్రవరిలో నూనె పది శాతం తగ్గించండని ప్రధాని రేడియోలో చెప్పారు, మేలో ముడి వంటనూనెల దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి దింపారు. సెప్టెంబరులో కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం చేసి, బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్ ప్యాకెట్లు 5 శాతంలోకి తెచ్చారు. పంచదార లేని డైట్ కూల్‌డ్రింకు మీదా అదే 40, ఉన్నదాని మీదా అదే 40. ఇక కంపెనీ తీపి ఎందుకు తగ్గిస్తుంది?

---

డాక్టర్_పీహెచ్‌సీ

@కిరాణా_కౌంటర్ చెప్పింది కాదనను. పన్నులు ఈ డెస్క్ మీద మారవు గానీ, 50 మీటర్ల సంగతి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఎజెండాలో పెట్టొచ్చు. హెడ్మాస్టరు, సర్పంచి ఒకే మాట మీదుంటే దుకాణం పక్కకు జరుగుతుంది.

ఒక హెచ్చరిక. కొబ్బరినూనె తాగే డైట్లు, అన్నం పూర్తిగా మానేసే డైట్లు ఇంకా నడుస్తున్నాయి. షుగర్ ఉండి గ్లిమిపిరైడ్ గోలీనో ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం మానేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పుతారు. డపాగ్లిఫ్లోజిన్ రకం గోలీలు వాడేవాళ్లకైతే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లంగా మారొచ్చు. వాంతులు, ఆయాసం అంటే ఆగకుండా ఆస్పత్రికి పంపాలి. బరువు తగ్గించే సూదుల గురించీ అడుగుతారు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో ఇక్కడికి వచ్చింది. పనిచేస్తుంది, కానీ డాక్టర్ చీటీ మీదే. ఆపేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగొస్తుంది.

---

పల్లెదవాఖాన_డెస్క్

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. నెల నూనె లెక్క మహిళా సంఘం మీటింగులో రాయించొచ్చా? పొదుపు పుస్తకం ఎలాగూ ఉంటుంది. మళ్లీ ఎన్నాళ్లకు కొలవాలి?

---

వంటింటి_తూకం

రాయించండి. పుస్తకంలో రెండే గడులు: తినేవాళ్లు ఎంతమంది, నూనె ఎన్ని ప్యాకెట్లు. ప్యాకెట్ మీది గ్రాములు చూసి రాయాలి. చూడ్డానికి లీటరులా ఉండి లోపల అంతకంటే తక్కువున్నవి చాలా దొరుకుతున్నాయి. సంక్రాంతి నెల, పెళ్లిళ్ల నెల అంకె పక్కన చుక్క పెట్టండి, సకినాలు, అరిసెల నూనె చూసి కంగారుపడక్కర్లేదు. అంకె గట్టిగా చదవొద్దు. చదివితే రెండో నెల నుంచి అందరూ తక్కువే చెబుతారు.

---

టేపుపట్టిన_చెయ్యి

బరువు నెలకోసారి, అదే మిషన్ మీద. నడుం మూడు నెలలకోసారి, వీలైతే అదే చేతితో. 2 సెంటీమీటర్ల లోపు తేడా టేపుదే కావొచ్చు, మెచ్చుకోవద్దు, తిట్టొద్దు. 70 కిలోల మనిషికి ఆరు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గితే అది మంచి ఫలితం. మొదటి నెలలో బరువు కదలకపోయినా నూనె ప్యాకెట్ల అంకె దిగిందేమో చూడండి, ముందు కదిలేది అదే.